గుంటూరు సీమయందలి నాటికాపరిషత్తులు: లఘుచిత్రోత్సవమునకు పూర్వచరిత్ర

ఒక గ్రామమున పెద్దలు కొందరు కూడి, దూరప్రాంతములనుండి కళాకారులను రప్పించి, వారి చిన్నకృతులను వరుసగా ప్రదర్శింపజేసి, ప్రాజ్ఞులచేత గుణదోషవిచారణము సేయించి, మేలైనవానికి బహుమానము లొసగు నాచారము గుంటూరు, ప్రకాశము మండలములకు క్రొత్తది కాదు. ఇటీవలి కాలమున నాంధ్రదేశమందలి పట్టణములలో యువకులు లఘుచిత్రముల కుత్సవములు జరుపుచున్నారు. వానిని జూచువారు పలువు రిది కేవలము పాశ్చాత్యపద్ధతి యని తలంతురు. చిత్రమును దీయు యంత్రము పరదేశమునుండి వచ్చినమాట సత్యమే. కాని యుత్సవమును నడపు విధానము, అనగా చందా, ఆతిథ్యము, పరిశీలనము, న్యాయనిర్ణయము, బహుమతిప్రదానము నను నంగము లైదును, ఈ నల్లరేగడినేలపై నాటికాపరిషత్తుల రూపమున బహుకాలమునుండి వర్ధిల్లుచున్నవి. ఆ పరిషత్తుల పుట్టుపూర్వోత్తరములను, వాని నిర్వహణక్రమమును, వానియందు గలిగిన గుణదోషములను విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

విషయమునకు ముందు దేశపరిచయ మించుక యావశ్యకము. గుంటూరు మండలము 1904 లో ప్రత్యేకమండలముగా నేర్పడెను. 1970 లో ఒంగోలు మండల మేర్పడి, 1972 లో ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి పేర ప్రకాశము మండల మయ్యెను. 2022 లో బాపట్ల, పల్నాడు మండలములు వేఱుపడినవి. పాలకు లేర్పఱచిన యీ యెల్లలు మాఱినను, నాటకసమాజముల రాకపోకలు వానిని లెక్కింపలేదు. తెనాలి నటుడు చిలకలూరిపేటలోను, ఒంగోలు రచయిత తెనాలిలోను స్వగ్రామమునందువలెనే మన్నింపబడెను. కావున నీ ప్రాంతమంతయు నిచట నొకే రంగస్థలముగా గ్రహింపబడినది.

ఈ సీమలో నేల రెండు తీరులు. విజయవాడకడ కృష్ణ కడ్డముగా 1855 లో ఆనకట్ట పూర్తియైన పిదప తెనాలి, రేపల్లె ప్రాంతములు మాగాణము లయ్యెను. పడమటి మెట్టప్రాంతములు ప్రత్తికిని మిరపకును బుట్టినిల్లు. ఆ మెట్టలో గొంతభాగమునకు 1967 లో నాగార్జునసాగరపు నీరు వచ్చెను. ప్రత్తితీతయు మిరపకాయకోతయు హేమంతశిశిరములలో సాగును. కోసిన కాయలు కల్లములలో నెండుచుండగా రైతులు రాత్రులు కావలి యుందురు. పంట విపణికి జేరి చేత రొక్క మాడునది మాఘమాసము మొదలు చైత్రమువఱకు. వానభయము లేని యాకాశము, చేత కాసు, రాత్రి మేలుకొను నలవాటు: ఈ మూడును గూడిన కాలమే యిచట నుత్సవకాలము. నరసరావుపేటకు సమీపమందలి కోటప్పకొండ మహాశివరాత్రి తిరునాళ్లే యిందుకు దృష్టాంతము. చుట్టుప్రక్కల గ్రామములవారు వెదుళ్లతో మిక్కిలి యెత్తైన ప్రభలను నిర్మించి యచటికి గొనిపోవుదురు. విద్యుద్దీపములతో వెలుగు ప్రభలముందు వేదికలు గట్టి తెల్లవాఱువఱకు నాటలు పాటలు జరుపుదురు. ఏ యూరి ప్రభ మేలైనదని జనులు చర్చించుకొందురు. గ్రామ మెల్ల చందా వేసికొని యొక ప్రదర్శనమును నిలువబెట్టుట, ఇరుగుపొరుగు గ్రామములతో స్పర్ధించుట యను రెండు లక్షణములును ఇందు గానవచ్చుచున్నవి. నాటికాపరిషత్తు లీ మనస్తత్వముపైననే పాదుకొనినవి.

ఇక నాటకచరిత్ర. 1880 ప్రాంతమున ధార్వాడ నాటకసమాజము తెలుగుదేశమున సంచరించుటయు, కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున విద్యార్థులచేత నాటకము లాడించుటయు ఆధునిక రంగస్థలమునకు నాంది. గుంటూరున కొండుభొట్ల సుబ్రహ్మణ్యశాస్త్రిగా రదే యుత్సాహముతో హిందూనాటకసమాజమును నడపిరి. 1885 లో కడపమండలమందలి సురభిగ్రామమున వనారసవారి కుటుంబము కీచకవధను ప్రదర్శించుటతో సురభినాటకసంప్రదాయము మొదలయ్యెను. పిమ్మట 1899 లో విజయవాడనుండి మదరాసునకు రైలుమార్గము కుదురుటచేతను, 1916 లో తెనాలినుండి రేపల్లెకు శాఖ ఏర్పడుటచేతను, తెనాలి నటులకు సులభముగా జేరదగిన కూడలి యయ్యెను. తెనాలిలోని శ్రీరామవిలాససభ స్త్రీపాత్రధారణమున నసమానుడైన బాపట్ల వాస్తవ్యుడు స్థానం నరసింహారావుగారికి గీర్తి దెచ్చిన సంస్థ. సుద్దపల్లిలో జన్మించిన కల్యాణం రఘురామయ్యగా రీలపాటకు ప్రసిద్ధులు. వైద్యవృత్తియందుండి నటులైన గోవిందరాజుల సుబ్బారావుగారును తెనాలివారే. ఒక చిన్నపట్టణము చుట్టును నిందఱు నటులు పుట్టుట యాకస్మికము గాదు. చూచువారు, పోషించువారు నచట నుండుటయే కారణము.

అయినను పద్యనాటకముల యున్నతదశయందే యొక కీడు పొడసూపెను. దానికి కంట్రాక్టునాటక మని పేరు. గుత్తదారు డొకడు నలుదిక్కులనుండి ప్రసిద్ధనటులను నొక్కరాత్రికి గుదిర్చికొని, వారి పేళ్లు పెద్దయక్షరములతో బ్రకటించి, టిక్కెట్లు విక్రయించును. నటులు తమతమ వేషములతో నేరుగా రంగమునకు వత్తురు. కలిసి యభ్యసించుట యుండదు. ఒక్కొకపుడు కృష్ణు లిద్దఱు మువ్వురు నొకే నాటకమున నంకములు పంచుకొందురు. ప్రేక్షకులు 'వన్సుమోరు' లడుగగా మరణించిన పాత్రయు లేచి పద్యము పాడిన సందర్భములు గలవని నాటకాభిమానులు చెప్పుకొందురు. ఇందు వ్యక్తిగత ప్రతిభకు లోటు లేదు, లోపించినది సమష్టిశిల్పము. గ్రామమునకు మిగిలినది చూచువాని స్థానము మాత్రమే. ఏ నాటక మాడవలెను, ఎవ రాడవలెను, ఎంత వెల యుండవలెను నను నిర్ణయము లన్నియు గుత్తదారునివి.

ఇట్టి స్థితియందు 1929 లో తెనాలిలో నాంధ్రనాటకకళాపరిషత్తు స్థాపింపబడెను. సురభిసంప్రదాయమునకు మూలపురుషులలో నొకరైన వనారస గోవిందరావుగా రిందుకు బూనుకొనుట గమనింపదగినది. టిక్కెట్టుపై జీవించు వృత్తిసమాజపు యజమానియే నటుల నందఱ నొకచోట జేర్చి, కళాభ్యుదయమును గూర్చి విచారింపవలె నని తలంచెను. ఆ పరిషత్తు కాలక్రమమున నాటకములకును నాటికలకును బోటీలు నెలకొల్పి బహుమతు లిచ్చుట కారంభించెను. ఇందువలన మూడు మార్పులు గలిగెను. మొదటిది, నటుడు గాక సమాజము పోటీకి వచ్చునది యయ్యెను గనుక కలిసి యభ్యసించుట యవశ్యమయ్యెను. రెండవది, రచనకును దర్శకత్వమునకును బ్రత్యేక బహుమతు లుండుటచే దర్శకు డనువాడు నాటకమునకు బాధ్యు డయ్యెను. మూడవది, ప్రేక్షకుల కరతాళములకు దోడుగా న్యాయనిర్ణేతల తీర్పు నొక ప్రమాణ మయ్యెను. ఈ మూడవమార్పు మేలు కీడు రెంటికిని మూలమని ముందు తెలియగలదు.

పోటీలయందు పెద్దనాటకముకంటె నాటిక ప్రబలుటకు గారణములు స్పష్టములు. రాత్రి యంతయు సాగు పద్యనాటక మొక్కటి యాడుకాలమున గంటసేపటి నాటికలు మూడు నాలుగు జరుగును. వానికి పాత్రలు కొద్ది, తెరలు కొద్ది, ఒక గదియో వీథియరుగో రంగముగా సరిపోవును. పద్యపఠనమున శిక్షణము లేని ఉపాధ్యాయులు, గుమాస్తాలు, రైతుబిడ్డలు వచనమున నటింపగలిగిరి. సమకాలికజీవితము వస్తువగుటకు నీ యల్పపరిమాణమే తోడ్పడెను. ఆత్రేయ రచించిన 'ఎన్.జి.ఓ.' వంటి కృతులు చిన్నయుద్యోగి కష్టములను రంగమున కెక్కించినవి. సత్తెనపల్లి ప్రాంతమందలి తాళ్లూరున జన్మించిన డి. వి. నరసరాజుగారు, తెనాలి ప్రాంతపు కొడాలి గోపాలరావుగారు పరిషత్తుల కాలమున బేరువడసిన రచయితలు. గోపాలరావుగారికి శతాధికనాటకకర్త యని ప్రసిద్ధి.

ఈ చరిత్రయందు రాజకీయోద్యమమునకును స్థానము గలదు. 1943 లో అఖిలభారత ప్రజానాట్యసంఘ మేర్పడిన యనంతరము ఆంధ్రమున ప్రజానాట్యమండలి గరికపాటి రాజారావుగారి నాయకత్వమున విజృంభించెను. గుంటూరు మండలమందలి పొన్నెకల్లు గ్రామమున జన్మించిన షేక్ నాజరుగారు బుఱ్ఱకథను ప్రజాసమస్యలకు వాహనముగా జేసిరి. వారికి 1986 లో పద్మశ్రీ లభించెను. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావుగారలు రచించిన 'మాభూమి' 1947 లో వెలసి యనేకదళములచేత నూరూర నాడబడి, పిదప నిషేధమునకు గుఱియయ్యెను. 1876 నాటి నాటకప్రదర్శనల చట్టము పాలకులకు ప్రదర్శనములను నిషేధించు నధికార మొసగియుండెను. అది స్వాతంత్ర్యానంతరమును జిరకాలము చట్టగ్రంథమున నిలిచి 2018 లో రద్దయ్యెను. ప్రజానాట్యమండలి బహుమతికొఱకు గాక యుద్యమముకొఱకు నాడినది. అయినను తేలిక రంగాలంకరణము, వాడుకభాష, పొలము దున్నువానిని నాయకునిగా నిలుపుట మొదలగునవి యటనుండి పరిషత్తునాటికలోనికి బ్రవేశించెను. గ్రామములలో నటన నేర్చిన యువకు లనేకులకు నా దళములే పాఠశాలలు.

ఇపుడు గ్రామపరిషత్తు నడచు క్రమమును బరిశీలింపవలెను. చిలకలూరిపేట, మార్టూరు, కొండవీటికి దగ్గఱనున్న లింగారావుపాలెము మొదలగు చోట్ల నిట్టి పరిషత్తులు వెలసినవి. తొలుత సంఘమువారు ప్రకటన మొనర్చి సమాజములనుండి దరఖాస్తులు స్వీకరింతురు. వచ్చిన నాటికల నన్నిటిని రంగమున కెక్కించుట యసాధ్యము గనుక ప్రాథమికపరిశీలన ముండును. పరిశీలకులు సమాజము లున్న యూళ్లకేగి, అలంకరణములు లేని యభ్యాసప్రదర్శనమును జూచి, తగినవాని నేఱుదురు. ఎన్నికయైన నాటికలకు దినములు నిర్ణయింపబడును. మూడు నాలుగు రాత్రులు పోటీ జరుగును. ఒక నాటిక ముగిసి మఱియొకటి మొదలగులోపల రంగమును మార్చుటకు గొద్ది నిమిషముల వ్యవధి మాత్రమే యుండును. కావున రంగాలంకరణము విప్పి కట్టుట కనుకూలముగా నుండవలెను. కాలపరిమితిని మించిన నాటికకు నష్టము వాటిల్లును.

న్యాయనిర్ణేతలు సాధారణముగ మువ్వురు, రంగస్థలానుభవము గలవారు. ఉత్తమప్రదర్శనము, ద్వితీయ తృతీయప్రదర్శనములు, రచన, దర్శకత్వము, నటుడు, నటి, హాస్యపాత్ర, ప్రతినాయకపాత్ర, సంగీతము, ఆహార్యము, రంగాలంకరణము అని బహుమతులు విభజింపబడును. పోటీలో బాల్గొన్న ప్రతిసమాజమునకు ప్రయాణవ్యయము నిమిత్తము పారితోషికము నొసగుదురు. ఒక్కొక బహుమతిని గ్రామమందలి యొక్కొక కుటుంబమువారు తమ తల్లిదండ్రుల జ్ఞాపకార్థము సమర్పింతురు. ఈ యేర్పాటు నిర్వాహకుల యోజనకు నిదర్శనము. దాత కిది పితృకార్యము. పరిషత్తున కిది యేటేట ఖండితముగ వచ్చు ద్రవ్యము. విదేశములందున్న గ్రామస్థులును నీ రీతిగనే తమ భాగమును బంపుచున్నారు.

నటుల బస పాఠశాలలోనో, సత్రములోనో, గృహస్థుల యిండ్లలోనో యుండును. భోజనము గ్రామమువారిది. పైకి జిన్నదిగా దోచు నీ యాతిథ్యమే పరిషత్తునకు వెన్నెముక. విద్యుద్దీపములకు, వేదికకు, ధ్వనియంత్రములకు ధనము చాలును. ఇరువదిమంది గల సమాజము లాఱేడింటికి వేళకు నన్నము పెట్టుటకు మనుష్యులు గావలెను. ఆ మనుష్యులు నిలిచినంతకాలము పరిషత్తు నిలిచెను. వారు వృద్ధులై, కొడుకులు పట్టణములు చేరినపుడు ధన మున్నచోటను పరిషత్తు లాగిపోయినవి. సంస్థ బహుమతిద్రవ్యముచేత గాక పనివారిచేత బ్రదుకు నను సత్య మిందు వ్యక్తము.

పరిషత్తులపై విమర్శలు లేకపోలేదు. అవి నిర్లక్ష్యింపదగినవియు గావు. మొదటిది: నాటిక న్యాయనిర్ణేతల యభిరుచి కొఱకు వ్రాయబడుచున్నది. ముసలితండ్రి నాదరింపని కొడుకులు, అప్పులపాలైన రైతు, చివరకు శోకావేశముతో గూడిన దీర్ఘసంభాషణ: ఇట్టి సామగ్రి బహుమతి తెచ్చునని యెఱిగినవారు దానినే మరల మరల వండుదురు. రెండవది: బహుమతులు పొందిన నాటిక యా యేటి పరిషత్తు లన్నియు దిరిగి, ఏడు మాఱగనే మూలబడును, జనులు టిక్కెట్టు గొని చూచు ప్రదర్శనముగా మాఱదు. మూడవది: స్త్రీపాత్రలకు నటీమణులు తక్కువగుటచే నొక నటియే పెక్కుసమాజములలో నటించుచు, నేడొక యూర, రేపొక యూర నుండవలసివచ్చును, సమాజపు వ్యయములో నామె పారితోషికము పెద్దభాగము. సమష్టి యభ్యాసమునకై పుట్టిన పరిషత్తున మరల కంట్రాక్టుపద్ధతి ఛాయ యిట్లు పడుచున్నది. నాలుగవది: నిర్ణయము ప్రకటింపబడిన రాత్రి కలహములు పుట్టుచున్నవి.

ఈ యాక్షేపణములలో నాల్గవదానికి గొందఱు నిర్వాహకులు మంచిమార్గము గనిపెట్టిరి. న్యాయనిర్ణేత లొక్కొక నాటికను గూర్చి వేదికపైననే గుణదోషములు దెలిపెడి యాచార మది. తీర్పునకు హేతువు వినబడినపుడు గెలువనివాడును గొంత నేర్చుకొని పోవును. హేతువు దాచినపుడు గెలిచినవానిపైనను సందేహము మిగులును. మొదటి యాక్షేపణమునకు బూర్తిసమాధానము లేదు. అయినను పరిషత్తు లేకున్న నా రచయిత మఱింత స్వేచ్ఛగా వ్రాసి యుండునని చెప్పుటకు నాధారము లేదు. గ్రామరచయితకు వేఱొక వేదికయే లేదు. రైతుదుఃఖము మరల మరల రంగమున కెక్కుట కేవలము బహుమతిలోభముచే ననుటయు న్యాయము గాదు. ప్రత్తి, మిరపల ధర యొక యేడు పెరిగి మఱుయేడు పడిపోవు సీమలో ప్రేక్షకు లా కథను దమ కథగా జూచుచున్నారు.

ఈ రంగమునుండి చలనచిత్రమునకు బోయినవారి పరంపర దీర్ఘమైనది. గోవిందరాజుల సుబ్బారావుగారు 1938 లో 'మాలపిల్ల' యందు నటించిరి. గుంటూరు ఆంధ్రక్రైస్తవకళాశాలయందు జదువుచు నాటకము లాడిన నందమూరి తారకరామారావుగారు 1949 లో 'మనదేశము'తో చిత్రరంగమున బ్రవేశించిరి. నరసరాజుగారు 1954 లో 'పెద్దమనుషులు', 1962 లో 'గుండమ్మ కథ' చిత్రములకు సంభాషణలు వ్రాసిరి. గరికపాటి రాజారావుగారు 1953 లో 'పుట్టిల్లు' నిర్మించిరి. ఒంగోలు ప్రాంతమున నాటకములతోను ప్రజానాట్యమండలితోను సంబంధము గలిగియుండిన టి. కృష్ణగారు 1983 లో 'నేటి భారతము', 1985 లో 'ప్రతిఘటన' చిత్రములకు దర్శకత్వము వహించిరి, నాటకకర్త ఎం. వి. ఎస్. హరనాథరావుగా రందు సంభాషణరచయితలు. ఈ పరంపరను జూచి పరిషత్తు చిత్రపరిశ్రమకు నారుమడి యని యనుట గలదు. ఆ మాట సగము మాత్రమే సత్యము. నారు తీసికొనిపోయినవారు మడికి నీరు పెట్టలేదు. పేరు వచ్చిన నటుడు మదరాసునకో, పిదప హైదరాబాదునకో తరలగా, సమాజము మరల క్రొత్తవానిని దిద్దుకొనవలసివచ్చెను.

లఘుచిత్ర మీ సందర్భమున విచారింపదగినది. చిన్నయూరిలో జిన్నకృతులకు బోటీ పెట్టు నాచారము పాశ్చాత్యులందును గలదు. పశ్చిమజర్మనీలో బొగ్గుగనులకు బేరుపొందిన యోబర్‌హౌజెన్ పట్టణమున, వయోజనవిద్యాలయమును నడపుచుండిన హిల్మర్ హోఫ్‌మన్ 1954 లో లఘుచిత్రోత్సవము నారంభించెను. రాజధానియు గాక, చిత్రపరిశ్రమకు నిలయమును గాక, కార్మికు లుండు నూరగుటయే దాని విశేషము. 1962 లో యువదర్శకులు క్రొత్త జర్మనుచిత్రమును గోరుచు బ్రకటన మొనర్చినది యచటనే. భారతదేశమున 1947 లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్‌గుప్త ప్రభృతులు కలకత్తాలో ఫిలిం సొసైటీని స్థాపించి, వ్యాపారముతో బనిలేక చిత్రములు చూచి చర్చించు నలవాటు నెలకొల్పిరి. ఒకదాని యందు పోటీయు, రెండవదానియందు చర్చయు ప్రధానములు. గుంటూరు సీమ నాటికాపరిషత్తున నీ రెండును దొలినుండియు గలిసియున్నవి.

అయినను నాటికకును లఘుచిత్రమునకును భేద మొకటి గలదు; నిర్వాహకులు దానిని మఱువరాదు. నాటికకు మనుష్యులు రావలెను; చిత్రమునకు ప్రతి వచ్చిన జాలును. భోజనము, బస, ప్రయాణవ్యయము తగ్గును గనుక నుత్సవము సులభ మగును. ఆ సౌలభ్యమే దాని దౌర్బల్యమును. నేడు చిత్రమును జేతనున్న దూరవాణియందే చూడవచ్చును. అందఱు నొకచోట గూడి చూడవలసిన యగత్యము కనబడదు. కావున నుత్సవము చేయవలసినపని చిత్రమును జూపుటకంటె జూచువారిని గూర్చుట. చిత్రమును దీసినవాడు స్వయముగ వచ్చి ప్రశ్నలకు బ్రత్యుత్తర మొసగుట, నిర్ణేతలు హేతువులు చెప్పుట, గ్రామస్థు లతిథులను దమ యింట నుంచుకొనుట యను పరిషత్తుధర్మములు లఘుచిత్రోత్సవమున కింకను నెక్కువగ నావశ్యకములు. చట్టవిషయమునను జాగ్రత్త వలయును. 1952 నాటి చలనచిత్రచట్టము ప్రకారము బహిరంగప్రదర్శనమునకు ధ్రువపత్రము గావలెను. ఉత్సవములకు గేంద్రప్రభుత్వమునుండి మినహాయింపు గోరు మార్గము గలదు. నాటకసమాజములు నిషేధముల కాలమును దాటి వచ్చిన సీమలో నీ విషయ మలక్ష్యము సేయదగినది గాదు.

ప్రభుత్వమును నీ పోటీపద్ధతి నంగీకరించెను. రాష్ట్రప్రభుత్వ మిచ్చు నందినాటకోత్సవము 1998 లో మొదలయ్యెను; 2023 డిసెంబరులో నది గుంటూరు వేంకటేశ్వరవిజ్ఞానమందిరమున జరిగెను. రాజాదరము నటులకు గౌరవమును ద్రవ్యమును గూర్చుననుటలో సందేహము లేదు. కాని ప్రభుత్వోత్సవము పాలకుల యనుకూలతనుబట్టి జరుగును, ఆగును. గ్రామపరిషత్తు వేఱు. ధర పడిపోయిన యేడు బహుమతిమొత్తము తగ్గించుకొనియు, నాలుగు రాత్రులను రెండు చేసికొనియు నది జరిగినది.

ఇంతవఱకు విచారించినదానివలన దేలు నంశ మిది. కంట్రాక్టునాటకకాలమున గ్రామము వేదికను మాత్ర మిచ్చెను. పరిషత్తుకాలమున గ్రామము పిలుచునది, పెట్టునది, తూచునది యయ్యెను. నటుడు పోయినను, పద్యము పోయినను, నాటిక తన రూపమును మార్చుకొన్నను, ఈ మూడుపనులు తమవి యని తలంచినవా రున్నచోట నుత్సవము సాగెను. లఘుచిత్రమున కుత్సవము జరుప బూనువారు క్రొత్త పద్ధతులకై దూరదేశములు వెదకుటకు బూర్వము, మిరపకల్లముల ప్రక్క దీపములు గట్టి తెల్లవాఱువఱకు మూడు నాటికలు చూచి, నిర్ణేతల మాట వినుటకై కూర్చుండిన యూరి పెద్దలకడ కేగి యడిగిన జాలును. ఆ లెక్కలపుస్తకములు కొన్ని గ్రామములలో నింకను భద్రముగా నుండవచ్చును. దాతల పేళ్లు, సమాజముల పేళ్లు, నాటికల పేళ్లు, అన్నదానపు ఖర్చులు వ్రాసియుండు నా పుస్తకములను శాసనములవలె సేకరించి ప్రకటించుట పరిశోధకులు వెంటనే చేపట్టదగిన కార్యము. వ్రాసినవారి తరము వెడలిపోవుచున్నది.